మెదడులో డీనెట్ అనే గడ్డ: మొదటి ఫిట్ నుంచి ఆపరేషన్ తర్వాత ఏడాది దాకా నా అనుభవం

2024 ఫిబ్రవరి 11, తెల్లవారుజామున నాలుగున్నర. నిద్రలో పెద్ద ఫిట్ వచ్చింది. నాకు గుర్తున్నదంతా ఆ తర్వాతిదే. నాలుక ఒక పక్క తెగి వాచింది, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పి. అక్క ఏదో అడుగుతోంది, అడిగింది అర్థమవుతోంది, జవాబు మాత్రం నోటికి రావడం లేదు. మాట తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టిందని అక్క చెప్పింది. ఆ ఇరవై నిమిషాల సంగతి తర్వాత ప్రతి డాక్టరూ అడిగారు. మాటకు సంబంధించిన భాగం ఎక్కువమందిలో మెదడు ఎడమ వైపు ఉంటుంది. ఫిట్ ఆ వైపు నుంచి పుడితే అది ఆగాక కూడా కాసేపు మాట పడిపోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు గడియారం చూడాలి. ఫిట్ ఎంతసేపు ఉంది, తల ఎటు తిరిగింది, ముందు ఏ చెయ్యి బిగుసుకుంది, మాట ఎప్పుడు వచ్చింది అనే నాలుగూ రాసిపెడితే చాలు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.

ఎమర్జెన్సీలో ముందు సీటీ తీశారు. రక్తస్రావం లేదు. ఎడమ టెంపొరల్ లోబ్ (కణత వెనక ఉండే మెదడు భాగం) ముందు భాగంలో, కింది వైపు, కొంచెం నల్లగా ఒక మచ్చ ఉంది. చుట్టూ వాపు లేదు, మెదడు పక్కకు జరగలేదు. ఫిబ్రవరి 13న ఎంఆర్‌ఐ. 1.5 టెస్లా (అయస్కాంతం బలం) మెషీన్, 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా తీసిన బొమ్మలు, ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రానికి వచ్చిన రిపోర్టులో చివరి వాక్యం: లో గ్రేడ్ గ్లయోమా అయ్యే అవకాశం ఉంది, పరిశీలించాలి. అంటే మెదడులో నెమ్మదిగా పెరిగే ఒక రకం గడ్డ.

న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ 20న దొరికింది. మధ్యలో ఏడు రోజులు. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే బరువుగా గడిచినవి ఆ ఏడు రోజులే, ఆపరేషన్ రోజు కూడా కాదు. గ్లయోమా అన్న ఒక్క మాట పట్టుకుని రాత్రంతా ఫోన్‌లో వెతికాను. దొరికినవన్నీ వేరే రకాల, వేరే వయసుల, వేరే దశల సంగతులు. రిపోర్టులో 'అయ్యే అవకాశం' అని ఉంటే అది ఆ ముక్కల మందానికీ, ఆ మెషీన్‌కూ అందినంత మేరకు చెప్పిన మాట. ఆఖరి మాట కాదు. ఇది నాకు నాలుగు నెలల తర్వాత అర్థమైంది.

న్యూరాలజిస్ట్ స్కాన్ కవరు తెరవకుండా ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. పొట్టలోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపిస్తుందా? ఇది ఇంతకుముందే జరిగినట్టు అనిపిస్తుందా? ఉన్నట్టుండి కొన్ని సెకన్లు భయం వేస్తుందా? మూడూ ఉన్నాయి. ఆరేళ్లుగా ఉన్నాయి. పొట్టలోది గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నాను. నెలకు ఎనిమిది, తొమ్మిది సార్లు వచ్చేది, అర నిమిషంలో పోయేది. అవి ఫిట్ వచ్చే ముందు హెచ్చరికలు కావని, అవే ఫిట్స్ అని ఆయన చెప్పారు. మెదడులో చిన్న చోట మొదలై అక్కడే ఆగిపోతే దాన్ని ఆరా అంటారు. కొంచెం పాకితే మనిషి శూన్యంలోకి చూస్తూ పెదవులు చప్పరిస్తారు, చేత్తో బట్టలు సవరించుకుంటూ ఉంటారు, పిలిస్తే పలకరు. మెదడంతా పాకితే ఒళ్లంతా కొట్టుకుంటుంది. నాకు మధ్య రకం కూడా ఉందని అక్క తర్వాత ఫోన్‌లో తీసిన వీడియో చూసేదాకా నాకే తెలియదు. డాక్టర్‌కు నేను చెప్పిన పది మాటల కంటే ఆ నలభై సెకన్ల వీడియో ఎక్కువ చెప్పింది. వీడియో తీసేటప్పుడు ముఖం ఒక్కటే కాదు, రెండు చేతులూ కనపడాలి. పేరు పెట్టి పిలవాలి, ఒక వస్తువు చూపించి ఇదేమిటని అడగాలి.

ఫిబ్రవరి 24న ఈఈజీ, అంటే తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష. ముందు రోజు తలస్నానం చేసి రావాలి, నూనె గానీ క్రీము గానీ ఉంటే తీగలు అంటుకోవు. రాత్రి నాలుగు గంటలకు మించి నిద్రపోవద్దన్నారు. అరగంట రికార్డింగ్‌లో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు, కళ్లకు ఎదురుగా లైటు కొడతారు, కాసేపు నిద్రపోనిస్తారు. నాకు రిపోర్టు నార్మల్ వచ్చింది. ఈఈజీ నార్మల్ అయితే మూర్ఛ లేనట్టు కాదు. అరగంటలో, తలపై నుంచి, మెదడు కింది వైపు సంకేతాలు అందకపోవడం మామూలే. అది తెలియక ఇంట్లో అందరం ఒక రోజంతా సంతోషపడ్డాం.

మందుల సంగతి తొందరగా చెప్తాను. మొదట లెవెటిరాసిటం 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు సార్లు. తర్వాత రెండు పూటలా 1500 దాకా పెంచారు. పెద్ద ఫిట్స్ ఆగాయి, ఆరాలు ఆగలేదు. రెండో వారం నుంచి చీటికీ మాటికీ కోపం, ఆ వెంటనే ఏడుపు. ఇది నా స్వభావం మారడం కాదు, ఆ మందుకు తెలిసిన ప్రభావం. కానీ ఎవరూ ముందు చెప్పలేదు. మొదలుపెట్టే రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. ఏప్రిల్‌లో ఆక్స్‌కార్బజెపీన్ కలిపారు. దానికి ముందు హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు పరీక్ష చేయించారు. అది ఉన్నవాళ్లకు ఈ తరహా మందులతో చర్మం ఊడిపోయేంత తీవ్రమైన రియాక్షన్ వచ్చే ముప్పు ఎక్కువ, ఆసియా మూలాలవాళ్లలో ఆ జన్యువు ఎక్కువగా కనిపిస్తుంది. ఫలితం రావడానికి ఆరు రోజులు. నాకు లేదని వచ్చింది. మందు మొదలుపెట్టిన మూడో వారంలో తల దిమ్ముగా, అడుగులు తడబడుతుంటే రక్తం పరీక్ష చేశారు. సోడియం 128కి పడిపోయింది. మోతాదు తగ్గించాక తేరుకుంది. జూన్ నాటికి ఆరాలు నెలకు తొమ్మిది నుంచి నాలుగుకు దిగాయి, అంతకు మించి తగ్గలేదు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు, తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణిస్తారు. 2010లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం పెట్టిన నిర్వచనం ఇది. తగ్గాయా అన్నది కాదు ప్రశ్న, ఆగాయా అన్నదే. నేను మాత్రం సగానికి తగ్గాయి కదా అని సర్దుకుపోదామనుకున్నాను.

ఇక అసలు సంగతి, రెండో ఎంఆర్‌ఐ. జూన్ 3న తీశారు. స్కాన్ ఒకటి ఉంది కదా, మళ్లీ ఎందుకని నాకు విసుగు. బీమా కంపెనీ కూడా అదే అడిగింది. మొదటిది మూర్ఛ కోసం తీసిన స్కాన్ కాదని, ముక్కలు మందంగా ఉన్నాయని, సర్జరీ ఆలోచనకు ఇది అవసరమని న్యూరాలజిస్ట్ చేత మూడు వాక్యాల లేఖ రాయించుకున్నాను. అది ముందే జత చేసి ఉంటే పన్నెండు రోజులు కలిసొచ్చేవి.

ఎపిలెప్సీ ప్రోటోకాల్ (మూర్ఛ కోసమే తీసే స్కాన్ పద్ధతి) అని అడిగి తీయించుకోవాలి. అందులో ముఖ్యంగా మూడు రకాల బొమ్మలు ఉంటాయి. ఒక మిల్లీమీటరు మందంతో త్రీడీ టీ1, అంతే సన్నగా త్రీడీ ఫ్లెయిర్, హిప్పోక్యాంపస్ (టెంపొరల్ లోబ్ లోపల జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) పొడవుకు అడ్డంగా కోసినట్టు తీసే కరోనల్ టీ2. 2019లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం సిఫార్సు చేసింది ఈ మూడింటినే, హార్నెస్ అనే పేరుతో. గడ్డ ఉందని ముందే తెలుసు గనుక నాకు కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు), డిఫ్యూజన్ (నీటి కదలిక), పెర్ఫ్యూజన్ (రక్త ప్రవాహం), స్పెక్ట్రోస్కోపీ (రసాయనాలు) బొమ్మలు కూడా కలిపారు. వీలున్న చోట 3 టెస్లా మెషీన్ మేలు, కానీ పాత పద్ధతిలో 3 టెస్లాలో తీసినదాని కంటే సరైన ప్రోటోకాల్‌తో 1.5లో తీసినదే నయమని నాకు రేడియాలజిస్ట్ చెప్పారు.

కాంట్రాస్ట్ కోసం ముందు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూశారు, నాలుగు గంటలు ఏమీ తినవద్దన్నారు. లోపల యాభై నిమిషాలు పట్టింది. చేతిలో బంతి లాంటిది పెడతారు, నొక్కితే ఆపుతారు. త్రీడీ ఫ్లెయిర్ మధ్యలో నేను దగ్గాను, ఆ సిరీస్ మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది. ముక్కలు ముక్కలుగా తీసే స్కాన్‌లో కదిలితే చెడేది కొంత తక్కువ, త్రీడీలో కదిలితే బొమ్మంతా చెడుతుంది. దగ్గు వస్తుందనిపిస్తే ఒక సిరీస్ అయ్యి చప్పుడు ఆగినప్పుడే దగ్గేసుకోవాలి. బయటికి వచ్చాక ఫిల్ములతో సరిపెట్టుకోకండి. అన్ని సిరీస్‌లూ ఉన్న డిస్కు అడగండి. సర్జన్, ఆపరేషన్‌లో చోటు చూపే కంప్యూటర్ అయిన నావిగేషన్‌లోకి ఎక్కించేది అదే, ఫిల్ము పనికి రాదు.

ఈసారి రేడియాలజిస్ట్ నన్ను కూర్చోబెట్టి తెర మీద చూపించారు. ఆ అరగంట నాకు ఎంతో ధైర్యమిచ్చింది, అందుకే ఆయన చెప్పిన వరుసలోనే రాస్తున్నాను.

గడ్డ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 17 లోతు. పూర్తిగా కార్టెక్స్‌లోనే, అంటే మెదడు పై పొరలోనే ఉంది. ఆకారం త్రికోణం, వెడల్పు వైపు పుర్రెకు, మొన లోపలికి. టీ1లో నల్లగా, టీ2లో నీళ్లలా తెల్లగా కనిపించింది. దగ్గరగా చూస్తే ఒకే ముద్ద కాదు, సబ్బు నురగలా చిన్న చిన్న బుడగలు, మధ్యలో సన్నని గోడలు. బుడగలు నిజంగా నీటి తిత్తులు కావు, జిగురు లాంటి ద్రవం నిండిన కణజాలం. టీ2లో అంత తెల్లగా మెరిసేది అందుకే. ఫ్లెయిర్‌లో మామూలు నీరు నల్లబడుతుంది. ఇక్కడ బుడగల లోపలి భాగం కొంత నల్లబడి, చుట్టూ అంచు వెంట సన్నని తెల్లటి గీత మిగిలింది. దీన్ని బ్రైట్ రిమ్ సైన్ అంటారు. మొదటి స్కాన్‌లో 5 మిల్లీమీటర్ల ముక్కలో ఆ గీత కలిసిపోయి, మొత్తం ఒక తెల్ల మచ్చగా కనిపించింది. రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే, అదే గడ్డ, అదే పరిమాణం, అయినా వేరే జబ్బులా ఉంది.

చుట్టూ వాపు లేదు. అంత సైజు గడ్డ ఉన్నా పక్క మడతలను నెట్టలేదు. దానికి ఆనుకున్న పుర్రె ఎముక లోపలి వైపు చెంచాతో గీరినట్టు కొంచెం పలచబడింది. నేను భయపడింది దాని గురించే, ఎముకనే తినేస్తోందేమోనని. నిజానికి అది మంచి గుర్తు. త్వరగా పెరిగే గడ్డకు ఎముకను అలా నెమ్మదిగా ఒత్తి మలిచేంత వ్యవధి ఉండదు. ఇది ఏళ్ల తరబడి, బహుశా చిన్నప్పటి నుంచీ అక్కడే ఉందన్నమాట. డిఫ్యూజన్‌లో నీరు స్వేచ్ఛగా కదులుతోంది, అంటే కణాలు కిక్కిరిసి లేవు. పెర్ఫ్యూజన్‌లో రక్త ప్రవాహం తక్కువ. స్పెక్ట్రోస్కోపీలో, త్వరగా పెరిగే గడ్డల్లో ఎక్కువయ్యే కోలిన్ అనే రసాయనం పెరగలేదు. కాంట్రాస్ట్ ఎక్కడా పట్టలేదు. ఈ గడ్డల్లో కొన్నిటికి చిన్న చుక్కగానో ఉంగరంగానో కాంట్రాస్ట్ పడుతుంది, అంత మాత్రాన ప్రమాదకరం అని కాదన్నారు.

అప్పుడు చెప్పారు పేరు: డీనెట్. పూర్తి పేరు డిసెంబ్రియోప్లాస్టిక్ న్యూరోఎపిథీలియల్ ట్యూమర్. 1988లో కాథరిన్ డోమా-ద్యుపోర్ బృందం 39 మంది రోగుల ఆధారంగా దీన్ని వేరే రకంగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గ్రేడ్ 1, అంటే అన్నిటికంటే తక్కువ తీవ్రమైనది. ఆయన అక్కడితో ఆపలేదు, ఇంకేం కావచ్చో కూడా చెప్పారు. గాంగ్లియోగ్లయోమా కూడా ఫిట్స్‌తోనే, టెంపొరల్ లోబ్‌లోనే వస్తుంది. దాంట్లో తరచుగా ఒక తిత్తి, దాని గోడకు కాంట్రాస్ట్ పట్టే ఒక బుడిపె, కాల్షియం కనిపిస్తాయి. ఒలిగోడెండ్రోగ్లయోమా కూడా కార్టెక్స్‌లో ఉంటుంది, కాల్షియం పేరుకుంటుంది. కానీ అది ఎక్కువగా నడివయసులో వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. పొర సరిగా ఏర్పడని కార్టికల్ డిస్‌ప్లేజియా అయితే బుడగలు ఉండవు. రిపోర్టులో 'డీనెట్‌కు బాగా అనుగుణంగా ఉంది, పాథాలజీతో నిర్ధారించాలి' అని రాశారు. పాథాలజీ అంటే తీసిన గడ్డను మైక్రోస్కోపు కింద చూడడం. రెండో సగాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత అసలు ప్రశ్న. పెరగని గడ్డను ఎందుకు తీయాలి? నేను కలిసిన ముగ్గురిలో ఒకరు ఆరు నెలలకోసారి స్కాన్ తీస్తూ చూద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. వినడానికి హాయిగా ఉంది. కానీ డీనెట్‌లో చూడాల్సింది గడ్డ పెరుగుతోందా అన్నది కాదు, ఫిట్స్ ఆగాయా అన్నది. ఫిట్స్ ఎన్నేళ్లు సాగితే ఆపరేషన్ తర్వాత అవి పూర్తిగా ఆగే అవకాశం అంత తగ్గుతుంది. గడ్డను పూర్తిగా తీయడం, తొందరగా తీయడం, ఈ రెండే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. గడ్డ సైజు చూసి ఎదురుచూసేవాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పాలని నా కోరిక.

జులై 15 నుంచి 19 దాకా వీడియో ఈఈజీ. పడక కోసం అయిదు వారాలు వేచి ఉన్నాను. తల మీద తీగలు జిగురుతో అంటించి కట్టు కడతారు, పైన కెమెరా రాత్రీ పగలూ నడుస్తుంది. మందులు రోజుకు కొంచెం తగ్గిస్తారు, ఫిట్ రావడమే అక్కడ కావలసింది. రావాలని కోరుకుంటూ పడుకోవడం చాలా వింతగా, కష్టంగా ఉంటుంది. ఇంటి నుంచి ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలి. ఆరా తెలియగానే బటన్ నొక్కాలి, దుప్పటి తీసేయాలి, చేతులు కెమెరాకు కనపడాలి. నర్సు ఒక మాట చెప్పి గుర్తుంచుకోమంటారు, ఫిట్ అయ్యాక ఆ మాట అడుగుతారు. ముందుకు గుండీల చొక్కా వేసుకెళ్లండి, తల మీద నుంచి తొడిగేవి అయిదు రోజులు కుదరవు. నాకు రెండో రోజు ఒక ఆరా, మూడో రోజు రెండు ఫిట్స్ వచ్చాయి. మూడూ ఎడమ టెంపొరల్ నుంచే. గడ్డ ఉన్న చోటు, ఫిట్ పుట్టే చోటు ఒకటేనని తేలింది. జిగురు వదిలించడానికి నాలుగు తలస్నానాలు పట్టింది.

ఆగస్టులో మిగతావి. న్యూరోసైకాలజీ పరీక్ష నాలుగు గంటలు: పదిహేను మాటలు చదివి అప్పజెప్పమంటారు, అరగంట తర్వాత మళ్లీ అడుగుతారు, బొమ్మల పేర్లు చెప్పాలి, చిక్కు బొమ్మ చూసి గీయాలి. ముందు రాత్రి బాగా నిద్రపోవాలి, లేకపోతే అలసట మతిమరుపుగా లెక్కకొస్తుంది. మాట్లాడేటప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూపే ఎఫ్ఎంఆర్ఐలో మాట ఎడమ వైపే అని తేలింది. కంటి చూపు పరిధి కొలిచే పెరిమెట్రీ కూడా చేశారు. చూపుకు సంబంధించిన నరాల కట్ట ఒకటి టెంపొరల్ లోబ్‌లో ముందుకు వంగి వెనక్కి పోతుంది, ఆపరేషన్‌లో అది తగిలితే కుడి పై మూల చూపు తగ్గవచ్చు. ముందు కొలిచి పెట్టుకోకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

ఆగస్టు 29న డాక్టర్లందరి మీటింగ్. చర్చ హిప్పోక్యాంపస్ మీద. గడ్డ దానికి దగ్గరగానే ఉంది. గడ్డతోపాటు హిప్పోక్యాంపస్ కూడా తీస్తే ఫిట్స్ ఆగే అవకాశం కొంత పెరగవచ్చు. కానీ ఎడమ హిప్పోక్యాంపస్ మాటల జ్ఞాపకాన్ని మోస్తుంది. నాది స్కాన్‌లో మామూలుగా ఉంది, జ్ఞాపక పరీక్షలోనూ బాగా వచ్చింది. బాగా పనిచేస్తున్నదాన్ని తీస్తేనే నష్టం ఎక్కువ. అందుకే గడ్డ, దాని అంచు కార్టెక్స్ తీసి, ఆపరేషన్ బల్ల మీదే మెదడు పొరపై ఈఈజీ పెట్టి చూసి, హిప్పోక్యాంపస్‌ను వదిలేయాలని తేల్చారు. నన్ను లోపలికి పిలిచి రెండు దారులూ చెప్పి ఎంచుకోమన్నారు. నేను అడిగిన ఒక్క ప్రశ్న: ఇది సరిపోకపోతే మళ్లీ చేయవచ్చా? చేయవచ్చు అన్నారు. ఆ జవాబుతో సంతకం పెట్టాను.

అక్టోబరు 9న ఆపరేషన్. ముందు రాత్రి తల మీద గుండ్రటి స్టిక్కర్లు అంటించి నావిగేషన్ ఎంఆర్‌ఐ తీశారు. తెల్లారేదాకా అవి ఊడకూడదు, పక్కకు తిరిగి పడుకోవద్దన్నారు. అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. కానీ ఫిట్స్ మాత్రలు మాత్రం పొద్దున ఒక గుక్క నీళ్లతో వేసుకోవాలి. వార్డులో ఖాళీ కడుపు అని రాసి ఉంది గనుక మాత్ర ఇవ్వకుండా వదిలేయబోయారు. మీరే అడగండి. జుట్టు కోత పెట్టే చోట రెండు వేళ్ల వెడల్పు మాత్రమే తీశారు. అయిదు గంటలు పట్టింది.

ఐసీయూలో మెలకువ వచ్చాక గంటకోసారి పేరు, చోటు, తేదీ అడుగుతారు, వేళ్లు నొక్కమంటారు, కంట్లో లైటు వేస్తారు. నిద్ర ఉండదు. మర్నాడు సీటీ, 48 గంటల లోపు ఎంఆర్‌ఐ. ఆ గడువుకు కారణం ఉంది: ఆలస్యమైతే కోసిన అంచులు మానే క్రమంలో కాంట్రాస్ట్ పట్టి, మిగిలిపోయిన గడ్డ ఏదో, మానుతున్న అంచు ఏదో తేల్చడం కష్టం. ఏమీ మిగల్లేదని వచ్చింది.

చెప్పకుండా వచ్చినవి ఇవీ. రెండో రోజు ఎడమ కన్ను పూర్తిగా మూసుకునేంత వాచింది, అయిదో రోజుకు తెరుచుకుంది. నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకునేది, ఎందుకంటే కణత దగ్గర నమిలే కండరాన్ని కోసి పక్కకు తిప్పి మళ్లీ కుడతారు. ఆరు వారాలు మెత్తనివే తిన్నాను, రోజూ అద్దం ముందు నోరు తెరిచే వ్యాయామం చేశాను. తల తిప్పితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు, టక్ మన్న చప్పుడు. అది లోపల చేరిన గాలి, ద్రవం. రెండు వారాల్లో పోయింది. కోత పైన నెత్తి మొద్దుబారింది, ఏడాదైనా అరచేతి వెడల్పు మేర ఇంకా అలాగే ఉంది. వాపు తగ్గడానికి ఇచ్చిన డెక్సామెథసోన్‌తో మూడు రాత్రులు కన్ను మూతపడలేదు, ఆకలి విపరీతం. పదో రోజున 26 స్టేపుల్స్ తీశారు, చీమ కుట్టినంత నొప్పి.

మూడో రోజు రాత్రి ఒక ఆరా వచ్చింది. అంతా వృథా అయిందని గోడ వైపు తిరిగి ఏడ్చాను. మొదటి వారంలో కోసిన చోటు చికాకు వల్ల వచ్చే ఫిట్స్ ఆపరేషన్ విఫలమైందనడానికి రుజువు కాదని రెసిడెంట్ డాక్టర్ వచ్చి కూర్చుని చెప్పారు. మందు మోతాదు చూస్తే ఒక పూట డోసు తప్పిపోయింది.

పాథాలజీ రిపోర్టు అక్టోబరు 21న, పన్నెండు రోజులకు. ఆపరేషన్ మధ్యలో ముక్కను మంచులా గడ్డకట్టించి వెంటనే చూసే ఫ్రోజెన్‌లో ఒలిగోడెండ్రోగ్లయోమా లాంటి కణాలు అని వచ్చిందని అప్పుడే చెప్పారు. కాళ్ల కింద నేల కదిలినట్టయింది. డీనెట్‌లోనూ అలాంటి గుండ్రటి కణాలే ఉంటాయి. చిన్న ముక్క మాత్రమే చూస్తే పొరబడే ప్రమాదం ఉంది. గడ్డను ముక్కలు చేయకుండా పొరతో సహా ఒకటిగా తీసి పంపినందువల్ల పాథాలజిస్ట్‌కు అసలు అమరిక కనిపించింది: పొరకు నిలువుగా సాగిన నరాల కట్టలు, వాటి వెంట ఆ కణాలు, జిగురు ద్రవంలో తేలుతున్నట్టుండే న్యూరాన్లు. ఒలిగోడెండ్రోగ్లయోమాలో కనిపించే ఐడీహెచ్ అనే జన్యు మార్పు లేదు. డీనెట్, గ్రేడ్ 1. పక్క కార్టెక్స్‌లో కొంచెం డిస్‌ప్లేజియా కూడా ఉంది, అంచు కలిపి తీయడం ఎందుకు మంచిదో అది చెబుతుంది. రేడియేషన్ లేదు, కీమో లేదు. పేరు తప్పుగా పడి ఉంటే అవసరం లేని ఆ చికిత్సలు మొదలయ్యేవి. సందేహం ఉంటే స్లైడ్లు, బ్లాకులు తీసుకుని మెదడు గడ్డలు నిత్యం చూసే పాథాలజిస్ట్ దగ్గర రెండోసారి చదివించుకోవచ్చు, ఆ హక్కు రోగిదే.

ఖర్చు గురించి ఒక్క మాట. ప్యాకేజీలో లేకుండా విడిగా వచ్చినవి: ఫ్రోజెన్, పాథాలజీలో అదనపు రంగు పరీక్షలు, పుర్రె ఎముక బిగించే ప్లేట్లు, స్క్రూలు, నావిగేషన్, బల్ల మీది ఈఈజీ, ఆపరేషన్ తర్వాతి ఎంఆర్‌ఐ. ఇవి ఉన్నాయా లేవా అని అంచనా రాసిచ్చేటప్పుడే పేరు పేరునా అడగండి.

ఆపరేషన్ తర్వాత రెండు నెలలు మాటలు తట్టేవి కావు. వస్తువుల పేర్లు తొందరగానే తిరిగొచ్చాయి. మనుషుల పేర్లు ఆలస్యం, తెలిసిన ముఖం ఎదురుగా ఉన్నా పేరు నాలుక చివర ఆగిపోయేది. ఎడమ టెంపొరల్ ముందు కొస తీసినవాళ్లకు ఇలా కావడం తెలిసిన విషయమేనట. స్పీచ్ థెరపిస్ట్ చెప్పిన పని పాత ఫోటోలు పెట్టుకుని రోజూ ఇరవై పేర్లు చెప్పుకోవడం. జనవరికి చాలావరకు కుదుటపడింది. పెరిమెట్రీలో కుడి పై మూల చూపులో చిన్న చీలికంత లోటు కనిపించింది. నాకు తెలియడం లేదు గానీ, బండి నడపడానికి అనుమతి అడిగేటప్పుడు చూపించాల్సి వచ్చింది.

2025 జనవరిలో ఒక ఎంఆర్‌ఐ, అక్టోబరులో ఇంకొకటి. రెండింటిలో గడ్డ లేదు. ఆ మూడో రోజు ఆరా తర్వాత ఇంకొకటి రాలేదు. పొట్టలో కొంచెం తేడా చేస్తే ఇప్పటికీ ఊపిరి బిగబట్టి అర నిమిషం లెక్కపెడతాను. ఆక్స్‌కార్బజెపీన్ అక్టోబరు నుంచి నెలకు 150 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తున్నారు. లెవెటిరాసిటం ఇంకో ఏడాది అలాగే ఉంటుంది. తగ్గించే నెలల్లో బండి ముట్టుకోవద్దు, ఒంటరిగా ఈత వద్దు, స్నానాల గది గడియ పెట్టవద్దు అన్నారు. గడియ సంగతి మాత్రం అక్క రోజూ బయట నుంచి తోసి చూస్తుంది.